ఊరికి వెళ్లి ఊరి కూడు తినని యాత్రలు



సెలవులు రాగానే నగరవాసులు నాలుగు రోజులు పల్లెపట్టున గడిపి రావాలని బయలుదేరుతున్నారు. ఇది మంచి అలవాటు. నడక పెరుగుతుంది, నిద్ర కుదురుతుంది, పొగ లేని గాలి దొరుకుతుంది. వైద్యుడిగా దీనిని నేను మనసారా ప్రోత్సహిస్తాను. అయితే ఆ నాలుగు రోజులూ మనవారు తినే తిండి మాత్రం నాకు ఏనాడూ అర్థం కాలేదు. పల్లె గాలి కావాలి, పల్లె చెరువు కావాలి, ఫోటో కోసం పల్లె ఎడ్లబండి కూడా కావాలి. పల్లె తిండి మాత్రం అక్కరలేదు. ఎందుకని అడిగితే, 'ఆరోగ్యం పాడవుతుందేమోనని డాక్టరుగారూ' అంటారు.

ఆ ఒక్క మాటను ఖండించడానికే ఈ వ్యాసం. యాత్రలో ఊరి తిండిని మానుకోవడం ఆరోగ్యరక్షణ కాదు. చాలా సందర్భాలలో అది ఆరోగ్యానికి ఎదురు నడవడమే.

కాచిగూడ, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతాల కుటుంబాలను దశాబ్దాలుగా దగ్గరనుండి చూస్తున్నవాడిని. యాత్రకు వెళ్లేటప్పుడు సంచి నిండా చిప్స్ పొట్లాలు, బిస్కెట్లు, వేడినీళ్లు పోస్తే ఉబ్బే నూడుల్స్ కప్పులు సర్దుతారు. వసతి గృహంలో దిగగానే గోబీ మంచూరియా, ఫ్రైడ్ రైస్, పనీర్ బటర్ మసాలా తెప్పించుకుంటారు. గండికోట లోయ అంచున కూర్చొని మైదా రొట్టెను వెన్న కూరలో ముంచుకొని తినే మనిషి, అక్కడికి రెండు ఫర్లాంగుల దూరంలో ఉడుకుతున్న రాగిసంగటిని అనుమానంగా చూస్తాడు. ఆ అనుమానానికి శాస్త్రీయమైన ఆధారం ఏమైనా ఉన్నదా? పరిశీలిద్దాం.

భయం ఒకచోట, ప్రమాదం మరొకచోట

ఆహారం వల్ల వాంతులు, విరేచనాలు కలగడానికి ఆ వంట పల్లెదా, పట్నందా అన్నది కారణం కాదు. వండిన తరువాత ఎంతసేపు, ఎంత వేడిలో నిలవ ఉన్నది, ఏ నీటితో, ఏ చేతులతో తాకబడినది అన్నవే కారణాలు. వండిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్ కంటె వేడిగా ఉండాలి, లేదా 5 డిగ్రీల కంటె చల్లగా ఉండాలి. ఈ రెండింటి నడుమ సూక్ష్మక్రిములు వేగంగా వృద్ధి పొందుతాయి. అందుకే వండిన పదార్థాన్ని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది.

ఈ కొలబద్దతో ఇప్పుడు రెండు భోజనాలను పోల్చి చూడండి. మొదటిది జొన్నరొట్టె. మరిగిన నీటితో పిండి తడిపి, చేత్తో తట్టి, పెనం మీద రెండువైపులా కాల్చి, కాలినది కాలినట్లే మీ విస్తరిలో వేస్తారు. పెనానికీ మీ నోటికీ మధ్య ఐదు నిమిషాల వ్యవధి కూడా ఉండదు. క్రిమికి అక్కడ బ్రతికే అవకాశం అత్యల్పం.

రెండవది మీరు నమ్మకంతో ఎంచుకొనే ఫ్రైడ్ రైస్. దానికి అన్నం ముందుగానే వండి ఆరబెడతారు. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు అన్నం ఉడికినా చావవు. ఆ అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. ఆ అన్నాన్ని తిరిగి బాణలిలో ఎంత వేయించినా ఆ విషం నశించదు. తిన్న ఒకటి నుండి ఆరు గంటలలోపు వాంతులు మొదలవుతాయి. వైద్య విద్యార్థులకు ఈ క్రిమిని గురించి చెప్పేటప్పుడు ఉదాహరణగా చూపేది ఫ్రైడ్ రైస్‌నే. జొన్నరొట్టెను ఎవరూ చూపరు.

ఇక బఫే సంగతి. పెద్ద గిన్నెలలో మాంసం కూర వండి, క్రింద చిన్న దీపం వెలిగించి, రెండు మూడు గంటలు తెరచి ఉంచుతారు. ఆ గోరువెచ్చని కూరలో పెరిగేది క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్. పక్కన ముందే కోసిపెట్టిన పుచ్చకాయ ముక్కలు, చల్లని సలాడ్, అందరి చేతులూ తగిలే గరిటెలు. తెల్లని బల్లగుడ్డ పరచినంత మాత్రాన క్రిములు సిగ్గుపడి వెళ్లిపోవు.

ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన కాలంలో మూకుమ్మడిగా వాంతులు, విరేచనాలతో వచ్చినవారికి ఎన్నోసార్లు చికిత్స చేశాను. వారు పెళ్లివిందుల నుండి, హాస్టళ్ల నుండి, ఉదయం వండి మధ్యాహ్నం వడ్డించిన సామూహిక భోజనాల నుండి వచ్చేవారు. ఒక ఇంటి పొయ్యి మీద అప్పుడే కాలిన రొట్టె, అప్పుడే దించిన పప్పు తిని గుంపుగా ఆసుపత్రికి వచ్చినవారు నాకు ఎదురుపడలేదు.

కాచిగూడ నుండి కడప దాకా ఒకే విస్తరి కాదు

1916లో నిజాం కాలంలో కట్టిన మన కాచిగూడ స్టేషన్ నుండి దక్షిణానికి వెళ్లే రైలుమార్గాన్ని ఒకసారి మనసులో తలచుకోండి. మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు, డోన్, గుత్తి. అక్కడినుండి ఒక దారి అనంతపురం మీదుగా బెంగళూరుకు, మరొకటి తాడిపత్రి, ఎర్రగుంట్ల, కడపల మీదుగా తిరుపతికి. 2023 సెప్టెంబరు నుండి ఈ స్టేషన్‌లోనే యశ్వంతపూర్ వెళ్లే వందే భారత్ కూడా బయలుదేరుతున్నది. ఈ దారిలో ప్రతి యాభై మైళ్లకూ విస్తరి మారుతుంది.

పాలమూరు పల్లెలలో జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు. తుంగభద్ర దాటితే అదే పుంటికూర పేరు గోంగూర అవుతుంది. కర్నూలు, అనంతపురం ప్రాంతాలలో ఉదయపు ఫలహారం ఉగ్గాని: బొరుగులను నీటిలో తడిపి, పిండి, తాళింపులో వేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. ఇంకా దిగువకు వెళితే రాగిసంగటి: నూకలు మెత్తగా ఉడికిన తరువాత రాగిపిండి వేసి, తెడ్డుతో ఉండలు లేకుండా గెలికి ముద్ద చేస్తారు. తోడుగా శనక్కాయల ఊరుబిండి, ఆకుకూర పప్పు, తినేవారికి నాటుకోడి పులుసు. రాయలసీమలో రాగులన్నవే తెలంగాణలో తైదలు, ఉత్తరాంధ్రలో చోళ్లు. ఒక్క గింజకు మూడు పేర్లు ఉన్నాయంటే, అది ఈ నేలలో ఎంతకాలంగా వేళ్లూనుకొన్నదో ఊహించుకోవచ్చు.

ఈ విస్తరిలో ఉన్న పోషకవిలువ ఎంత? మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పట్టికలు చూడండి. 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాములలోపు ఉంటే, జొన్నలలో సుమారు 10 గ్రాములు. 100 గ్రాముల రాగులలో కాల్షియం 360 మిల్లీగ్రాములకు పైగా. అదే తెల్లబియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. నాలుగు రోజుల యాత్రలో మలబద్ధకమని ఫిర్యాదు చేసే పెద్దలకు పీచు లేని మైదాకు బదులు ఈ రొట్టె చాలు, భేదిమందు అవసరం రాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. చిరుధాన్యాలను అమృతంగా కీర్తించే వీడియోల వలలో మీరు పడకూడదు. కేవలం జొన్నల మీదనే ఆధారపడి బ్రతికిన నిరుపేదలలో పెల్లాగ్రా అనే చర్మవ్యాధి కనిపించేది. దానిని మన హైదరాబాదులోనే డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతంలో అధ్యయనం చేశారు. అంటే మేలు చేసేది ఒంటరి గింజ కాదు, మొత్తం విస్తరి. జొన్నరొట్టె పక్కన పప్పు, ఆకుకూర, వేరుశనగ కారం ఉన్నప్పుడు ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. పెల్లాగ్రాను నిరోధించే నయాసిన్ వేరుశనగలో సమృద్ధిగా ఉన్నది. ఊరి పెద్దమ్మ ఈ పేర్లేవీ చదువుకోలేదు కాని, ఆ జతను తరతరాలుగా తప్పకుండా వడ్డిస్తున్నది. మనం చేయవలసిందల్లా ఆ విస్తరిని విడదీయకుండా తినడం.

ఇటలీని చూసి వచ్చినవారికి

మన పేటలలో ఇటలీ వెళ్లి వచ్చినవారు కూడా ఇప్పుడు తక్కువేమీ కాదు. వారిలో కొందరు సంబరంగా చెప్పే మాట, 'అక్కడ కూడా మన పప్పు, మన సాంబారు పెట్టారండీ' అని. వంటవాడిని వెంటబెట్టుకొని తిప్పే బృందయాత్రలకు ఇదే పెద్ద ఆకర్షణ. అంత ఖర్చుపెట్టి, అంత దూరం వెళ్లి, అక్కడి నేల రుచి తెలియకుండానే తిరిగిరావడాన్ని నేను యాత్ర అనలేను.

ఆ దేశం తన పల్లె తిండిని ఎలా కాపాడుకున్నదో గమనించండి. 1985లోనే ఇటలీ పార్లమెంటు వ్యవసాయ విహారానికి ఒక చట్టం చేసింది. 2006లో దానిని సవరించి కొత్త చట్టం తెచ్చింది. దాని సారాంశం ఇది: అతిథులకు వసతి ఇచ్చేవాడు ముందు రైతు అయి ఉండాలి, వడ్డించే భోజనం ప్రధానంగా తన పొలంలోనూ, ఆ ప్రాంతపు పొలాలలోనూ పండినదై ఉండాలి. 1986లో రోము నగరం నడిబొడ్డున మెక్‌డొనాల్డ్స్ దుకాణం తెరిస్తే కార్లో పెత్రీని, ఆయన మిత్రులు నిరసన తెలిపారు. ఆ నిరసనే తరువాత 'స్లో ఫుడ్' ఉద్యమమైంది.

అక్కడి పల్లెవారు నిత్యం తినేది మనం అనుకొనే చీజు పిజ్జా కాదు. టస్కనీ పల్లెలలో నిన్నటి రొట్టె, చిక్కుడు గింజలు, ఆకుకూరలు కలిపి కాచే రిబొల్లిత అనే పులుసు ఉంటుంది. ఆ ప్రాంతపు సంప్రదాయ రొట్టెలో ఉప్పే వేయరు. అమెరికా శాస్త్రవేత్త ఏన్సెల్ కీస్ 1958లో ప్రారంభించిన ఏడు దేశాల అధ్యయనంలో ఇటలీ నుండి క్రెవల్కోరె, మాంటెజోర్జొ అనే గ్రామీణ ప్రాంతాలను ఎంచుకొని, అక్కడివారి తిండిని, గుండెజబ్బులను పరిశీలించారు. ఆ అధ్యయన పద్ధతిపై విమర్శలు లేకపోలేదు. కాని గింజలు, పప్పులు, కూరగాయలు, నూనె, మితమైన మాంసం అనే ఆ ఆహారసరళి మేలైనదన్న మాట నేటికీ నిలిచే ఉన్నది. 2010లో యునెస్కో మధ్యధరా ఆహారాన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

దీనినుండి మనవారు నేర్చుకున్నది ఏమిటి? ఆలివ్ నూనె సీసా కొనడం! ఆ రైతు తన నేలలో పండినది తిన్నాడన్న అసలు సంగతిని వదిలేసి, అతని నూనెను మాత్రం దిగుమతి చేసుకున్నాం. ఆ పాఠాన్ని సరిగా చదివితే మన నూనె వేరుశనగది, నువ్వులది; మన పప్పు కంది; మన రొట్టె జొన్న.

ఆక్షేపణలకు సమాధానాలు

'పిల్లలు తినరండీ.' పిల్లలు పుట్టుకతోనే నూడుల్స్ అడగరు, మనం పెట్టగా అలవాటుపడతారు. కొత్త రుచిని బిడ్డ ఒప్పుకోవడానికి పది పదిహేనుసార్లు రుచి చూపవలసి రావచ్చు. సెలవులో ఆకలి ఎక్కువ, తొందర తక్కువ. ప్రయత్నించడానికి అంతకంటె అనువైన సమయం ఏది? బలవంతపెట్టకండి. మీరు ఇష్టంగా తినండి, వారు చూస్తారు.

'సీమ కారం మేము తట్టుకోలేము.' నిజమే కావచ్చు. 'కొంచెం కారం తగ్గించమ్మా' అని వండే తల్లికి ముందుగా చెబితే తగ్గిస్తుంది. ఆమె మీ ఎదుటనే వండుతున్నది. రాత్రే కలిపి పెట్టిన మసాలాలో నుండి కారం తీసే విద్య ఏ రిసార్టు వంటవాడికీ తెలియదు.

'మేము శాకాహారులం, గిన్నెలు కలుస్తాయేమో.' పల్లెల నిత్యభోజనంలో అధికభాగం శాకాహారమే. మాంసం ఆదివారానికో, పండుగకో. వేరే గిన్నెలో వండమని ఒకరోజు ముందే చెప్పి, అందుకు తగిన సొమ్ము ఇవ్వండి. అన్ని కూరలకూ ఒకే గరిటె, ఒకే నూనె వాడే హోటలు వంటగదికంటె అది మీ నియమానికి అనుకూలం.

'మాకు షుగరు ఉన్నది, అందుకే సంగటి తింటున్నాం, రెండు ముద్దలు తినవచ్చా?' తినకూడదు. సంగటిలో బియ్యం ఉన్నది. మెత్తగా ఉడికిన పిండి త్వరగా జీర్ణమై రక్తంలో చక్కెరను పెంచుతుంది. చిన్న ముద్ద, దానికి రెండింతలు పప్పు, ఆకుకూర. ఊరి తిండి మంచిదని చెప్పడమంటే కొలత లేకుండా తినమని కాదు.

నేను కూడా వద్దనేవి

ఊరిదైనంత మాత్రాన ప్రతిదీ మంచిది కాదు. ఈ క్రింది విషయాలలో మీ భయం సరైనదే. దానిని అక్కడే ఉపయోగించండి.

1. నీరు: ఊరి బావి, బోరు నీళ్లను కాచి చల్లార్చనిదే త్రాగవద్దు. మజ్జిగలో, పచ్చిపులుసులో, చట్నీలో కలిసేది కూడా నీరేనని మరువవద్దు. వాటికి కాచిన నీళ్లు వాడమని కోరండి. ఐసు ముక్కలు వద్దు.

2. పాలు: పితికిన పాలను కాచకుండా త్రాగితే బ్రూసెల్లోసిస్ వంటి జబ్బులు వస్తాయి.

3. కల్లు: చెట్టు మీది రుచి అంటూ సరదాపడవద్దు. కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మత్తుమందులు కలిపి అమ్మడం, దానితో ప్రాణాల మీదికి రావడం మన రాష్ట్రంలో తెలిసిన విషయమే.

4. అడవి పుట్టగొడుగులు: ఏది విషమో, ఏది కాదో కంటితో చూసి మీరు చెప్పలేరు.

5. ఉప్పు: రోజుకు 5 గ్రాములలోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రక్తపోటు ఉన్నవారు ఊరగాయలు, వడియాలు, ఊరమిరపకాయలు రుచికి మాత్రమే తీసుకోవాలి.

6. షుగరు మాత్రలు: యాత్రలో భోజనవేళలు మారతాయి. గ్లిమిపిరైడ్ వంటి మాత్రగానీ, ఇన్సులిన్ గానీ తీసుకొని తిండి ఆలస్యం చేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. భోజనం సిద్ధమైనదని తెలిసిన తరువాతనే మందు వేసుకోండి.

7. విరేచనాలు పట్టుకుంటే: ఓఆర్ఎస్ పొట్లాలు దగ్గర ఉంచుకోండి. లేకపోతే ఒక లీటరు శుభ్రమైన నీటిలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టి కొలిచి కలిపి, కొద్దికొద్దిగా త్రాగండి. జ్వరం, మలంలో రక్తం, మూత్రం తగ్గడం, మగత కనిపిస్తే ఆలస్యం చేయకుండా దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి.

ఈ ఏడు జాగ్రత్తలు ఒక కాగితం మీద పడతాయి. వీటికోసం ఒక ప్రాంతపు వంటనంతటినీ వెలివేయనక్కరలేదు.

ఇది కడుపుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు

వసతి గృహాల యజమానులను అడిగితే, 'అతిథులు అడగరు, అందుకే వండము' అంటారు. అతిథులను అడిగితే, 'అక్కడ పెట్టరు, అందుకే తినము' అంటారు. ఈ ఇద్దరి నడుమ నష్టపోతున్నది జొన్న, రాగి, కొర్ర పండించే రైతు, వాటిని వండే చేతులు. తినేవాడు లేని పంటను ఎవరూ చాలాకాలం పండించరు. పంట పోయిన తరువాత ఆ వంట ఎలా ఉండేదో చెప్పేవారు కూడా మిగలరు.

దీనికి మారుదారి మన దగ్గరే ఉన్నది. హైదరాబాదుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు పాత విత్తనాలను కాపాడుతూ, ఏటా సంక్రాంతి వేళ ఊరూరా పాత పంటల జాతర నడుపుతూ వచ్చాయి. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి లభించింది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించినప్పుడు సభలు జరిగాయి, ఉపన్యాసాలు జరిగాయి. ఆ సభల అనంతరం విహారకేంద్రాల భోజనపట్టికలో ఏమి మారిందో మీరే వెళ్లి చూడండి.

రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక శాఖలకు నా సూచన ఒక్కటే. విహారకేంద్రాలకు అనుమతి ఇచ్చేటప్పుడు, రోజుకు ఒక్క పూటయినా ఆ జిల్లా భోజనం వడ్డించాలన్న షరతు పెట్టండి. దానిని చుట్టుపక్కల మహిళా సంఘాల చేత వండించండి. వారికి చేతుల శుభ్రత, నీటి శుద్ధి, ఆహారపు వేడి విషయాలలో శిక్షణ ఇవ్వండి. ఇటలీ 1985లో చేసిన పని మనకు అసాధ్యమేమీ కాదు.

అంతవరకు పాఠకులు తమ వంతు చేయవచ్చు. మూడు రోజులలో తొమ్మిది ప్రదేశాలు చూసే పరుగు మానండి. ఒక ఊరు ఎంచుకొని నాలుగైదు రోజులు కుదురుగా ఉండండి. దిగిన రోజునే 'మీ ఇంట్లో ఈ పూట ఏమి వండుకుంటున్నారు?' అని అడగండి. అదే మీకు కూడా వండమని చెప్పి, హోటలుకు ఇచ్చే ధరనే ఇవ్వండి. వేడిగా పెట్టినది వేడిగా తినండి. మధుమేహం, రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు బయలుదేరేముందు ఒకసారి తమ వైద్యుని సంప్రదించండి.

ఇంత చెప్పినా సంచిలో ఏదో ఒకటి పెట్టుకోకపోతే మనసు ఒప్పుకోదనేవారు, రైలు ప్రయాణానికి ఒక పూటకు సరిపడా పులిహోర కట్టుకోండి. చింతపండు పులుపు, నూనె దానిని కొంతసేపు కాపాడుతాయని మన పూర్వులు ఎరుగుదురు. మిగిలిన పూటల భోజనం దిగిన ఊరికే వదిలేయండి.